విదేశాల్లో శస్త్రచికిత్స శిబిరానికి హైదరాబాద్ నుంచి సిద్ధమయ్యేవారికి

సర్జన్ లేని విదేశీ జిల్లా ఆసుపత్రికి కొన్ని వారాలపాటు వెళ్లి, అక్కడి పేదలకు ఉచితంగా ఆపరేషన్లు చేసి రావాలని కోరుకునే సర్జన్లు, మత్తు వైద్యులు, థియేటర్ నర్సులు హైదరాబాద్‌లో తక్కువేమీ లేరు. ఆ కోరికకు తగిన అవసరం ప్రపంచంలో ఉంది. లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన కమిషన్ 2015లో వేసిన లెక్క ప్రకారం, అవసరమైన వేళ సురక్షితమైన శస్త్రచికిత్స, మత్తు వైద్యం భరించగల ఖర్చులో దొరకనివారు సుమారు 500 కోట్ల మంది ఉన్నారు. ఆ లోటు తీరాలంటే ఏటా మరో 14.3 కోట్ల ఆపరేషన్లు జరగాలి. అదే ఏడాది మే నెలలో ప్రపంచ ఆరోగ్య సభ కూడా అత్యవసర శస్త్రచికిత్సను, మత్తు వైద్యాన్ని ప్రజారోగ్య వ్యవస్థలో భాగంగా బలపరచాలని తీర్మానించింది. ఇంత పెద్ద లోటును శిబిరాలు పూడ్చలేవు. అయినా సరిగ్గా నడిచిన శిబిరం ఎందరో రోగుల బాధ తీర్చడమే కాక ఆ ఆసుపత్రి తనంతట తాను చేయగల పనిని పెంచుతుంది. సరిగ్గా నడవని శిబిరం రోగిని కొత్త కష్టంలోకి నెట్టి, ఆ భారాన్ని అక్కడి వైద్యుడి మీద వదిలి వస్తుంది. ఈ రెండింటి మధ్య తేడా సర్జన్ చేతి నైపుణ్యంలో కన్నా, బయలుదేరే ముందు నెలల్లో జరిగే ఏర్పాట్లలోనే ఎక్కువగా ఉంటుందని నా దృఢమైన అభిప్రాయం.

లెక్క చివరి నుంచి మొదలుపెట్టండి

చాలామంది విమానం టికెట్లతో, మందుల జాబితాతో పని మొదలుపెడతారు. మీరు మాత్రం చివరి రోగి పూర్తిగా కోలుకునే తేదీతో మొదలుపెట్టి వెనక్కి లెక్కించండి. ఆపరేషన్ గాయంలో చీము పట్టడాన్ని వైద్యులు సాధారణంగా 30 రోజుల వరకు గమనిస్తారు. మీరు రెండు వారాలే ఉండబోతుంటే, మొదటి రోజు ఆపరేషన్ చేయించుకున్న రోగికి కూడా ఆ గడువు ముగియకముందే మీరు తిరిగి వచ్చేస్తారు. కనుక ఆ 30 రోజులూ రోగిని ఎవరు చూస్తారు, రాత్రివేళ రక్తస్రావం అయితే మళ్లీ థియేటర్ ఎవరు తెరుస్తారు, కడుపులో ఇన్ఫెక్షన్ వస్తే ఏ ఆసుపత్రికి ఏ వాహనంలో పంపుతారు అన్న ప్రశ్నలకు పేర్లతో సహా జవాబు రాసుకున్న తరువాతే ఏ ఆపరేషన్లు చేయాలో నిర్ణయించుకోవాలి.

ఈ విధంగా ఆలోచిస్తే ఆపరేషన్ల జాబితా దానంతట అదే మారిపోతుంది. సాధారణ హెర్నియా, వరిబీజం, కంటి శుక్లం వంటివి తక్కువ కాలంలో కోలుకునేవి కాబట్టి శిబిరానికి అనువుగా ఉంటాయి. ప్రసవం రోజుల తరబడి అడ్డుపడి మూత్రాశయానికి రంధ్రం ఏర్పడి, నిరంతరం మూత్రం కారే ప్రసూతి ఫిస్టులా సంగతి వేరు. ఫిస్టులా సామాన్యమైనదైనా ఆపరేషన్ తరువాత మూత్రం బయటికి పోయే గొట్టాన్ని (కాథెటర్) 7 నుంచి 10 రోజులు ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది, క్లిష్టమైన కేసుల్లో అంతకన్నా ఎక్కువే పట్టవచ్చు. ఆ గొట్టం మూసుకుపోతే వేసిన కుట్టు విడిపోతుంది. మొదటి ప్రయత్నం విఫలమైన ఫిస్టులాకు రెండో ఆపరేషన్ మరింత కష్టమవుతుంది. 1974 నుంచి అడిస్ అబాబాలో హామ్లిన్ దంపతుల ఫిస్టులా ఆసుపత్రి ఇదే ఒక్క పనికి అంకితమై ఉండటానికి గల కారణం దీన్నిబట్టి అర్థమవుతుంది. గ్రహణమొర్రితో పాటు అంగిలి చీలిక ఉన్న పిల్లల విషయమూ అంతే. అంగిలి కుట్టినంత మాత్రాన మాట స్పష్టం కాదు. నెలల తరబడి మాట నేర్పేవారు, పళ్ల వరుస చూసేవారు ఆ ఊళ్లో లేకపోతే, పెదవి ఆపరేషన్ వరకే పరిమితమై అంగిలి సంగతి శాశ్వత కేంద్రానికి అప్పగించడం మేలు.

ఎవరితో వెళ్లాలి

సొంతంగా బృందం కూర్చుకుని బయలుదేరే ముందు, ఇప్పటికే పనిచేస్తున్న సంస్థలతో ఒకసారైనా వెళ్లి రావడం మంచిది. వాటి పద్ధతులు ఒకేలా ఉండవు. 1971లో ఏర్పడిన మెదసాఁ సాఁ ఫ్రాంతియేర్ (డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్) యుద్ధ ప్రాంతాల్లోనూ, విపత్తు ప్రాంతాల్లోనూ పనిచేస్తుంది. వెళ్లేవారికి ఓ మోస్తరు జీతం ఇస్తుంది, అయితే ఒక జనరల్ సర్జన్ సిజేరియన్ నుంచి ఎముక విరిగిన గాయం వరకు అన్నీ చూడగలగాలని ఆశిస్తుంది. 1978లో మొదలైన మెర్సీ షిప్స్ ఆసుపత్రి నౌకలను ఆఫ్రికా ఓడరేవుల్లో నెలల తరబడి నిలిపి ఆపరేషన్లు చేస్తుంది. అందులో స్వచ్ఛందంగా పనిచేసేవారు ప్రయాణం వంటి ఖర్చులు తామే భరించాలి. 1982లో ఫిలిప్పీన్స్ పర్యటనతో మొదలైన ఆపరేషన్ స్మైల్ గ్రహణమొర్రి శిబిరాలకు పేరుపొందింది. 1999లో వచ్చిన స్మైల్ ట్రెయిన్ విదేశీ బృందాలను పంపడానికి బదులు స్థానిక సర్జన్లకే శిక్షణ, డబ్బు ఇవ్వాలన్న పద్ధతిని ఎంచుకుంది. నన్నడిగితే ఈ చివరి ఆలోచనే అన్నిటిలోకీ ఎక్కువ కాలం నిలిచే ఫలితమిస్తుంది, మిగిలినవారూ ఇప్పుడు దానివైపే మొగ్గుతున్నారు. కంటి వైద్యులైతే దూరం వెళ్లి వెతకనక్కరలేదు. బంజారాహిల్స్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ లైబీరియాలో కంటి వైద్య సేవలను నిలబెట్టడంలో పాలుపంచుకుంది, ఆ అనుభవం ఉన్నవారు మన ఊళ్లోనే ఉన్నారు.

ఏ సంస్థను సంప్రదించినా కొన్ని ప్రశ్నలు సూటిగా అడగండి. అదే ఆసుపత్రికి మళ్లీ మళ్లీ వెళుతున్నారా, లేక ఏటా కొత్త ఊరికి వెళుతున్నారా? ఆహ్వానం అక్కడి ఆసుపత్రి నుంచి వచ్చిందా? గత శిబిరంలో వచ్చిన ఇబ్బందుల, మరణాల వివరాలు చూపించగలరా? ఆపరేషన్ బల్ల దగ్గర స్థానిక వైద్యుడు ఉంటాడా, ఉంటే చూస్తూ నిలబడతాడా, కత్తి పట్టుకుంటాడా? తూర్పు, మధ్య, దక్షిణ ఆఫ్రికా దేశాల సర్జన్ల కళాశాల 1999లో ఏర్పడి అక్కడి యువ సర్జన్లకు వారి దేశాల్లోనే శిక్షణ ఇస్తోంది. అటువంటి శిక్షణార్థులు ఉన్న ఆసుపత్రిని ఎంచుకుంటే మీ రెండు వారాల పనికి ఫలితం చాలా కాలం ఉంటుంది. చివరి ప్రశ్న మిమ్మల్ని మీరు వేసుకోవలసినది. హైదరాబాద్‌లో మీ సొంత బాధ్యతపై చేయని ఆపరేషన్‌ను అక్కడ చేయకూడదు. పీజీ విద్యార్థులకు చేయి అలవాటు చేసుకునే చోటుగా పేదల దేశాన్ని చూడటం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

కాగితాలు, టీకాలు

ఈ భాగం విసుగు పుట్టిస్తుంది, కానీ ఆరు నెలల ముందే మొదలుపెడితే సాఫీగా సాగుతుంది. తెలంగాణ మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చెల్లుబాటులో ఉందో లేదో చూసుకుని, మీపై వృత్తిపరమైన అభ్యంతరాలు లేవని తెలిపే గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేయండి. నర్సులు తమ కౌన్సిల్ నుంచి అటువంటిదే తీసుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేసేవారికి సెలవుతో పాటు విదేశీ ప్రయాణానికి శాఖ అనుమతి, నిరభ్యంతర పత్రం (ఎన్ఓసీ) కావాలి. డిగ్రీ పత్రాలకు అపోస్టిల్ (అంతర్జాతీయ ఒప్పందం కింద పత్రం అసలైనదని ఇచ్చే ధ్రువీకరణ) అడిగే దేశాలూ ఉన్నాయి, ఆ ఒప్పందంలో లేని దేశాలకు రాయబార కార్యాలయం ముద్ర కావలసి ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది, వెళ్లే దేశపు వైద్య మండలి ఇచ్చే తాత్కాలిక లైసెన్సు. కెన్యా, ఉగాండా వంటి దేశాల్లో ఇటువంటి మండళ్లు పటిష్ఠంగా పనిచేస్తున్నాయి. పర్యాటక వీసాపై వెళ్లి లైసెన్సు లేకుండా కత్తి పట్టుకోవడం అక్కడి చట్టానికీ, అక్కడి రోగికీ అగౌరవం. మీ వృత్తి బీమా భారతదేశం వెలుపల చెల్లుతుందో లేదో పాలసీ చదివి తెలుసుకోండి. చాలా పాలసీలు చెల్లవు. బృందంలో ఎవరైనా తీవ్రంగా జబ్బుపడితే విమానంలో తరలించే బీమాను విడిగా తీసుకోవాలి.

ఎల్లో ఫీవర్ ఉన్న దేశాలకు వెళ్లేవారు ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు టీకా వేయించుకుని దాని ధ్రువపత్రమైన పసుపు రంగు పుస్తకం తీసుకోవాలి. నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఈ టీకా వేస్తారు, ముందుగా వేళ తెలుసుకుని వెళ్లండి. 2016 జూలై నుంచి ఈ ధ్రువపత్రం జీవితాంతం చెల్లుతుంది. అది లేకుండా ఆ దేశాల నుంచి తిరిగి వచ్చినవారిని శంషాబాద్‌లో దిగగానే 6 రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచవచ్చు. గుడ్డు పడనివారు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవారు, 60 ఏళ్లు దాటినవారు వైద్యుడితో మాట్లాడిన తరువాతే వేయించుకోవాలి. హెపటైటిస్ బి టీకాలు వేసుకున్నామన్న జ్ఞాపకంతో సరిపెట్టుకోకుండా రక్తంలో రక్షణ ఎంత ఉందో పరీక్ష చేయించుకోండి. హెచ్ఐవీ ఎక్కువగా ఉన్న ప్రాంతంలో సూది గుచ్చుకుంటే మందు వీలైనంత త్వరగా, 72 గంటలు మించకుండా మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. కాబట్టి ఆ మాత్రలు అక్కడికి వెళ్లాక వెతుక్కోకుండా బృందం పెట్టెలోనే ఉండాలి. మలేరియా నివారణ మాత్రలను ఇంటికి వచ్చాక కూడా ఆపకూడదు. డాక్సీసైక్లిన్ అయితే 4 వారాలు, అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అయితే 7 రోజులు కొనసాగించాలి. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమలో మలేరియా పరాన్నజీవిని కనుగొన్న సికింద్రాబాద్‌కు చెందిన మనం ఈ విషయంలో అశ్రద్ధ చేయడం తగదు.

మత్తు వైద్యుడు లేకుండా బయలుదేరవద్దు

బృందం కూర్చేటప్పుడు సర్జన్లు ఎక్కువగానూ మత్తు వైద్యులు తక్కువగానూ ఉండటం తరచూ కనిపించే లోపం. వాస్తవానికి శిబిరంలో ఎన్ని ఆపరేషన్లు జరగగలవో నిర్ణయించేది మత్తు వైద్యుల సంఖ్య, రికవరీ గదిలో నర్సుల సంఖ్య, పరికరాలను ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్ ఎన్నిసార్లు తిరగగలదన్నదే. ఒక మత్తు వైద్యుడు ఒకే వేళలో ఒకే రోగిని చూడాలి. పక్క బల్ల మీద ఉన్న రోగినీ చూసుకోమని ఆయనను అడగకూడదు. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ మత్తు వైద్యుల సమాఖ్య కలిసి ప్రకటించిన ప్రమాణాలు కూడా శిక్షణ పొందిన వ్యక్తి ఆపరేషన్ సాగినంతసేపూ రోగి పక్కనే ఉండాలని, పల్స్ ఆక్సిమీటర్ తప్పనిసరిగా వాడాలని చెబుతున్నాయి.

ఈ విషయంలో హైదరాబాద్‌కు సొంత చరిత్ర ఉంది. 1888లోనూ, 1889లోనూ క్లోరోఫాం అనే మత్తుమందు ఎంత సురక్షితమో పరిశీలించిన ఇక్కడి కమిషన్లు వైద్యుడు ఎడ్వర్డ్ లారీ నాయకత్వంలో, ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్థిక సాయంతో పనిచేశాయి. రెండోదానికి లాన్సెట్ పత్రిక లండన్ వైద్యుడు లాడర్ బ్రంటన్‌ను పంపింది. క్లోరోఫాం వల్ల ముందు ఊపిరి ఆగుతుందే తప్ప గుండె కాదని, అందుచేత ఊపిరిని మాత్రం గమనిస్తే చాలని అవి తేల్చాయి. కానీ 1911లో వైద్యుడు గుడ్‌మన్ లెవీ చేసిన ప్రయోగాలు మత్తు పలచగా ఉన్నప్పుడు గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోగలదని నిరూపించాయి. అంత శ్రద్ధగా జరిగిన పరిశోధన కూడా ఒకే గుర్తును నమ్మి పొరపాటు పడింది. ఊపిరి, నాడి, రక్తపోటు, ఆక్సిజన్ అన్నీ కలిపి చూడాలన్న నియమం ఇటువంటి అనుభవాల నుంచే వచ్చింది. కరెంటు పోయి మానిటర్ ఆగిపోయినా ఆ నియమాన్ని చేతితో నాడి పట్టుకుని, స్టెతస్కోపుతో విని పాటించగల మత్తు వైద్యుడినే వెంట తీసుకువెళ్లండి.

ఫిబ్రవరిలో వెళ్లాలనుకుంటే డిసెంబరు నాటికే ఆ బృందం హైదరాబాద్‌లో కలిసి కొన్ని ఆపరేషన్లు చేసి ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో విడుదల చేసిన సురక్షిత శస్త్రచికిత్స చెక్‌లిస్టులో 19 అంశాలు ఉన్నాయి. మత్తు ఇచ్చే ముందు, కోత పెట్టే ముందు, రోగి థియేటర్ దాటే ముందు ఆగి చదవవలసినవి అవి. న్యూఢిల్లీతో సహా 8 నగరాల ఆసుపత్రుల్లో దాన్ని అమలు చేసినప్పుడు మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి, ఇబ్బందులు 11 శాతం నుంచి 7 శాతానికి తగ్గాయని 2009లో ప్రచురితమైంది. శిబిరంలో ఒకరి పేరును ఇంకొకరు సరిగా పలకలేరు, ఒకే పేరున్న ఇద్దరు పిల్లలు వరుసగా రావచ్చు, చేతి పట్టీ జారిపోవచ్చు. మనకు బాగా అలవాటైన ఆసుపత్రిలో కన్నా ఆ చెక్‌లిస్టు అవసరం అక్కడే ఎక్కువ. దాన్ని స్థానిక నర్సు చేత, స్థానిక భాషలో, గట్టిగా చదివించండి.

ఏం మోసుకెళ్లాలి, ఏం వదిలెయ్యాలి

కోఠిలోని సర్జికల్ దుకాణాల్లో కుట్టు దారాల నుంచి విద్యుత్తుతో కోసి రక్తం ఆపే డయథర్మీ పెన్సిళ్ల వరకు తక్కువ ధరలో దొరుకుతాయి కాబట్టి అట్టపెట్టెలు నింపడం మనకు సులభం. అందుకే ఇక్కడ నిగ్రహం అవసరం. పేద దేశాల ఆసుపత్రుల్లోని వైద్య పరికరాలను పరిశీలించిన 2011 నాటి అధ్యయనంలో దాదాపు 40 శాతం పనిచేయని స్థితిలో కనిపించాయి. విడిభాగాలు దొరకకపోవడం, వాడటం నేర్పేవారు లేకపోవడం, కరెంటు ఎగుడుదిగుళ్లు ఇందుకు కారణాలు. కనుక అక్కడి బయోమెడికల్ టెక్నీషియన్‌తో మాట్లాడకుండా ఏ యంత్రమూ దానం చేయవద్దు. అక్కడి కరెంటుకు మీ పరికరం సరిపోతుందో లేదో కూడా చూడండి. కెన్యాలో 240 వోల్టులు, మూడు చదరపు పిన్నుల ప్లగ్గులు ఉంటాయి. ఫిలిప్పీన్స్‌లో 220 వోల్టులే అయినా ఫ్రీక్వెన్సీ 60 హెర్ట్‌జ్. ఆక్సిజన్ కాన్సెంట్రేటర్ కరెంటు లేనిదే నడవదు కాబట్టి నిండు సిలిండర్ పక్కన ఉండాలి. తీసుకువెళ్లే మందులకు అక్కడికి చేరే రోజు నాటికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ దాతలకు సూచిస్తుంది. గడువు దగ్గరపడిన నమూనా మందులను ప్రేమతో ఇచ్చినా, వాటిని పారేసే ఖర్చు ఆ ఆసుపత్రిదే అవుతుంది.

మత్తు పదార్థాల చట్టం కిందకు వచ్చే మార్ఫిన్ వంటివాటినీ, మన దేశంలో కఠిన నియంత్రణ ఉన్న మందుల జాబితా అయిన షెడ్యూల్ ఎక్స్‌లో ఉన్న కెటమిన్‌నూ సూట్‌కేసులో పెట్టుకుని సరిహద్దు దాటే ప్రయత్నం చేయవద్దు. వాటిని అక్కడి ఆసుపత్రి ఫార్మసీ ద్వారా సమకూర్చుకునే ఏర్పాటు ముందే జరగాలి.

ఖరీదైనదే మేలైనదన్న భ్రమ కూడా వద్దు. హెర్నియా ఆపరేషన్‌లో కడుపు గోడకు బలంగా కుట్టే వాణిజ్య వలకు బదులుగా దోమతెర రకపు వలను శుద్ధి చేసి వాడవచ్చని మహారాష్ట్రలోని దొండాయిచాలో డాక్టర్ తోంగావ్‌కర్, ఆయన సహచరులు చూపారు. అటువంటి చౌక వలను ఉగాండాలో 302 మంది పురుషులపై వాణిజ్య వలతో పోల్చి చూసినప్పుడు, హెర్నియా తిరిగి రావడంలోనూ ఇబ్బందుల్లోనూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదని 2016లో వెల్లడైంది. శుక్లం తీయడానికి యంత్రం అక్కరలేని చిన్న కోత పద్ధతి కూడా ఇటువంటిదే. మీరు వెళ్లాక ఆ ఊరి వైద్యుడు తన డబ్బుతో, తన సామగ్రితో కొనసాగించగల పద్ధతిని మాత్రమే నేర్పండి.

రోగుల ఎంపిక రోజు

శిబిరంలో మనసుకు అత్యంత భారమైన రోజు మొదటిదే. వందల మంది రాత్రంతా ప్రయాణించి వచ్చి నిలబడతారు, జాబితాలో చోటు కొందరికే ఉంటుంది. ఎవరిని ఎందుకు తీసుకుంటున్నారో, ఎవరిని ఎందుకు కాదంటున్నారో స్థానిక వైద్యుడితో కలిసి ముందే రాసుకోండి. కాదన్నవారికి మరో చోటు, మరో తేదీ, రాసిన చీటీ ఇచ్చి పంపండి. రక్తం తక్కువగా ఉన్న పిల్లలను, జ్వరం దగ్గు ఉన్నవారిని జాలితో జాబితాలో చేర్చడం వారికి మేలు చేయదు. పశ్చిమ ఆఫ్రికాలో సికిల్ సెల్ రక్తలోపం ఎక్కువ. ఆదిలాబాద్, భద్రాచలం ఏజెన్సీల్లో పనిచేసిన వైద్యులకు ఇది కొత్త కాదు. ఆ పరీక్ష చేయకుండా చేతికో కాలికో రక్తప్రవాహం ఆపే పట్టీ (టోర్నీకే) బిగించవద్దు. ఉపవాసం లెక్క కూడా ముందే చూసుకోవాలి. ఘనాహారానికి 6 గంటలు, తల్లిపాలకు 4 గంటలు, నీళ్లకు 2 గంటలు చాలు. అంతకు మించి పసిపిల్లలను ఎండలో ఆకలితో కూర్చోబెట్టకుండా వారినే జాబితాలో ముందు పెట్టండి.

సమ్మతి పత్రం మీద వేలిముద్ర తీసుకోవడం ఒకటి, రోగి అర్థం చేసుకోవడం మరొకటి. ఏం చేయబోతున్నారో, ఏం కాకపోవచ్చో, మీరు ఎన్నో తేదీన వెళ్లిపోతారో అతని భాషలో చెప్పించి, తిరిగి అతని నోట చెప్పించుకోండి. చదువు కోసం, వైద్యం కోసం హైదరాబాద్ వచ్చిన సోమాలియా, సుడాన్, యెమెన్ దేశీయులు టోలీచౌకి ప్రాంతంలో చాలామంది నివసిస్తున్నారు. ఆ దేశాల వైపు వెళ్లే బృందం వారితో కొన్ని సాయంత్రాలు కూర్చుంటే నొప్పి, వాంతి, ఊపిరి, మూత్రం వంటి మాటలే కాక, పెద్దల ముందు ఆడవారు ఏం చెప్పరో, ఎవరిని అడగాలో కూడా తెలుస్తుంది. ఫోటోలకు విడిగా సమ్మతి అడగండి. వద్దంటే ఆపరేషన్ రద్దవుతుందన్న భయం వారికి కలగకూడదు. హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రిలో మీ సొంత రోగి ముఖాన్ని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టరు కదా, అక్కడి రోగి విషయంలోనూ అదే హద్దు.

ఆపరేషన్లు ముగిశాక

చివరి రెండు రోజులు కొత్త ఆపరేషన్లు పెట్టుకోవద్దు. ఆ రోజులు డ్రెస్సింగులకు, గాయం నుంచి ద్రవం బయటికి పోయే గొట్టాలు (డ్రెయిన్లు) తీయడానికి, మంచం మంచం దగ్గరా స్థానిక వైద్యుడికి రోగిని అప్పగించడానికి కేటాయించండి. బయలుదేరే రోజు వరకు కత్తి పట్టుకునే బృందాలను చాలామంది మెచ్చుకుంటారు, నేను మెచ్చుకోలేను. కేస్ షీటు అసలు ప్రతి ఆ ఆసుపత్రిలోనే ఉండాలి, అక్కడివారు చదవగల భాషలో, సంక్షిప్తాక్షరాలు లేకుండా ఉండాలి. రోగి చేతికి కూడా ఏ ఆపరేషన్ జరిగిందో, ఏ మందు పడలేదో రాసిన కాగితం ఇవ్వండి. రోగి రివ్యూకు రావడానికి బస్సు చార్జీలు ఎవరిస్తారో ముందే తేల్చండి. డబ్బు లేక రానివారిని, బాగైపోయి రానివారిగా లెక్కించడం శిబిర నివేదికల్లో తరచూ జరిగే అన్యాయం.

హైదరాబాద్ చేరాక ఒకరిని రిజిస్టరుకు బాధ్యులుగా నియమించండి. ఆయన 7వ రోజు, 14వ రోజు, 30వ రోజు అక్కడి వైద్యుడితో వీడియోలో మాట్లాడి ప్రతి రోగి పేరు ఎదుట గాయం స్థితి, జ్వరం, తిరిగి ఆపరేషన్, మరణం అన్న వివరాలు నింపాలి. 30 రోజులు దాటాక రెండు బృందాలూ కలిసి ఆ రిజిస్టరును చదవాలి, ఇబ్బంది వచ్చిన ప్రతి కేసునూ చర్చించాలి, మళ్లీ వెళ్లాలా వద్దా, వెళితే ఏ ఆపరేషన్‌ను జాబితా నుంచి తీసెయ్యాలి, ఏ పనిని ఇక పూర్తిగా స్థానిక సర్జన్‌కు వదిలెయ్యవచ్చు అన్నది ఆ సమావేశంలోనే, ఆ స్థానిక సర్జన్ మాటకు మొదటి స్థానం ఇచ్చి నిర్ణయించాలి. ఈలోగా బృందంలో ఎవరికి జ్వరం వచ్చినా, మాత్రలు వేసుకున్నాం కదా అనుకోకుండా ఎక్కడికి వెళ్లి వచ్చారో చెప్పి అదే రోజు మలేరియా రక్తపరీక్ష చేయించుకోవాలి.